రాజుగారు పుట్టింది నవంబరులో, సెలవు జూన్‌లో

జూన్ రెండో సోమవారం. మెల్‌బోర్న్‌లో చలి మొదలైన రోజులు. మూడు నెలలు మాతో ఉండడానికి తెనాలి నుంచి వచ్చిన నాన్న మఫ్లర్ చుట్టుకుని హీటర్ పక్కన కూచున్నారు. ఎనిమిది దాటినా పిల్లలు బడికి తయారవలేదు, నేను లాప్‌టాప్ తెరవలేదు.

"ఇవాళేంట్రా, అందరూ ఇంట్లోనే ఉన్నారు?"

"రాజుగారి పుట్టినరోజు నాన్నా. సెలవు."

"ఏ రాజు? చార్లెస్సేనా? ఆయనది నవంబరు 14 కదూ! నెహ్రూగారి పుట్టినరోజే. మేము బడిలో బాలల దినోత్సవం చేసుకునేవాళ్ళం, పేపర్లో పక్కనే ఈయన ఫొటో కూడా వేసేవాళ్ళు."

నాన్న చెప్పింది నిజమే. బ్రిటన్‌కూ ఆస్ట్రేలియాకూ రాజైన మూడో చార్లెస్ 1948 నవంబరు 14న పుట్టారు. అంతకుముందు 70 ఏళ్ళు ఏలిన ఆయన తల్లి రెండో ఎలిజబెత్ 1926 ఏప్రిల్ 21న పుట్టారు. ఇద్దరిలో ఎవరూ జూన్‌లో పుట్టలేదు. పదేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ ఏటా ఈ సెలవు వాడుకుంటున్న నాకు ఆ పూట జవాబు తోచలేదు. తర్వాత కూచుని చదివితే, ఒక్క తేదీ వెనకాల రాజరికం, కూలి చట్టం, ఫుట్‌బాల్, భూమి తగాదా అన్నీ చిక్కుపడి కనిపించాయి. ఆ చిక్కు విప్పే ప్రయత్నం ఇది.

ఆస్ట్రేలియాలో తెల్లవాళ్ళు ఎంత పాతవాళ్ళో ఈ సెలవూ అంత పాతది. 1788 జనవరి 26న ఖైదీలను తెచ్చిన ఓడలు సిడ్నీ రేవులో దిగాయి. అదే ఏడు జూన్ 4న గవర్నర్ ఆర్థర్ ఫిలిప్, ఇవాళ మూడో జార్జి మహారాజు పుట్టినరోజు అని అందరికీ సెలవిచ్చాడు. ఆనాటి సెలవులో అర్థం సూటిగా ఉంది: ఈ నేల ఎవరిదో, మీరు ఎవరి మనుషులో గుర్తుంచుకోండి అని. ఆ తర్వాత రాజు మారితే తేదీ కూడా మారేది. విక్టోరియా రాణిది మే 24, ఐదో జార్జిది జూన్ 3. 1936 జనవరిలో ఐదో జార్జి పోయాక మాత్రం సెలవు ఆయన పుట్టిన జూన్‌లోనే ఉండిపోయింది. ఆ తర్వాత నలుగురు సింహాసనం ఎక్కారు, సెలవు కదల్లేదు.

ఈ ఐదో జార్జి మా ఇంటికి కొత్తవాడు కాదు. 1935 మే నెలలో ఆయన పాలన రజతోత్సవం చేసినప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఉన్న పిల్లల్ని బడికి పిలిపించి, వరసలో నిలబెట్టి మిఠాయి పొట్లాలు పంచారని తాతయ్య చెప్పేవారట. ఎవరి పేరిట పంచుతున్నారో ఆయనకు అప్పట్లో తెలీదు. పొట్లంలో బూందీ మాత్రం గుర్తుంది. ఆ రాజుగారి తేదీకే ఇక్కడ తాతయ్య మునిమనవళ్ళు బడి మానేసి ఇంట్లో కూచున్నారు.

జూన్ అంటే లండన్‌లో ఎండ కాసే నెల. విక్టోరియా కొడుకు ఏడో ఎడ్వర్డ్ పుట్టింది నవంబరు 9న. ఆ చలిలో, ఆ వానలో ఊరేగింపు చేయలేక ఆయన తన అధికారిక వేడుకను వేసవికి జరిపాడు. నిజం పుట్టినరోజు వేరు, ప్రభుత్వ పుట్టినరోజు వేరు అనే పద్ధతి అలా స్థిరపడింది. ఇప్పటికీ జూన్‌లో లండన్‌లో గుర్రాలతో, ఎర్రకోట్ల సైనికులతో ట్రూపింగ్ ద కలర్ అనే కవాతు జరుగుతుంది. అయితే బ్రిటన్‌లో ఆ రోజు సెలవు లేదు. రాజుగారి సొంత దేశంలో ఆయన పుట్టినరోజు మామూలు పనిదినం. పదిహేను వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు సెలవు.

ఇక్కడ కూడా అందరికీ ఒకే రోజు కాదు. సెలవులు ప్రకటించే అధికారం ప్రధానంగా రాష్ట్రాలది కాబట్టి ఎవరి లెక్క వారిది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం, న్యూ సౌత్ వేల్స్, సౌత్ ఆస్ట్రేలియా, టాస్మేనియా వంటి చోట్ల జూన్ రెండో సోమవారం. పెర్త్ ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియాకు జూన్ మొదటి సోమవారం రాష్ట్ర అవతరణ సెలవు ఉంది, వెంటనే ఇంకొకటి ఎందుకని రాజుగారి పుట్టినరోజును సెప్టెంబరు చివరికి పెట్టుకున్నారు. పెర్త్‌లో పెద్ద వ్యవసాయ ప్రదర్శన జరిగే రోజులవి. క్వీన్స్‌లాండ్ వాళ్ళు 2016 నుంచి అక్టోబరు మొదటి సోమవారం చేస్తున్నారు, ఏడాది రెండో సగంలో సెలవులు తక్కువగా ఉన్నాయని. ఒకే దేశంలో ఒకే మనిషికి మూడు వేర్వేరు నెలల్లో మూడు పుట్టినరోజులు! తేదీ పెట్టేటప్పుడు చూసేది బడి టర్ములు, సంతలు, ఏ రెండు సెలవుల మధ్య ఎన్ని వారాల ఎడం ఉందనేవి. రాజుగారు ఆ లెక్కలో ఎక్కడా లేరు.

సరే, ఆ రోజు జనం ఏం చేస్తారు? నేను చూసినంతలో రాజుగారి ఫొటోకు దండ వేసినవాళ్ళు గానీ, ఆయన పేరిట కేకు కోసినవాళ్ళు గానీ లేరు. ప్రభుత్వం ఆ రోజు పురస్కారాల జాబితా విడుదల చేస్తుంది, మన పద్మ పురస్కారాల్లాగా. మంచు కొండల మీద స్కీయింగ్ సీజన్ ఆ వారాంతంలోనే మొదలవుతుంది. మెల్‌బోర్న్‌వాళ్ళకు మాత్రం ఆ రోజంటే ఎంసీజీ అనే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో మెల్‌బోర్న్, కాలింగ్‌వుడ్ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్. మన క్రికెట్ అభిమానులు ఎంతో ఇష్టంగా చెప్పుకునే ఆ మైదానంలోనే.

ఆ మ్యాచ్‌కు 2015 నుంచి కొత్త అర్థం వచ్చింది. మెల్‌బోర్న్ జట్టుకు ఒకప్పుడు కోచ్‌గా ఉన్న నీల్ డానిహర్‌కు మోటార్ న్యూరాన్ జబ్బు సోకింది. కండరాలు ఒక్కొక్కటే మాట వినడం మానేసే, మందులేని జబ్బు. దానిపై పరిశోధనకు డబ్బు పోగు చేయడానికి ఆ రోజు మైదానం అంచున పెద్ద జారుడుబల్ల కట్టి, కింద ఐసు నీళ్ళ తొట్టి పెడతారు. పేరున్న ఆటగాళ్ళు, నటులు, కోచ్‌లు చిత్రవిచిత్రమైన వేషాలు వేసుకుని ఆ వణికించే చలిలో అందులోకి జారతారు. స్టేడియం నిండా నీలం ఉన్ని టోపీలు. మావాడు తన కిడ్డీ బ్యాంకు డబ్బులతో కొనుక్కున్న టోపీ పెట్టుకునే టీవీ ముందు కూచుంటాడు. వాణ్ణి అడగండి ఇవాళ ఏం రోజని, "బిగ్ ఫ్రీజ్" అంటాడు. డానిహర్ 2025లో ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ అయ్యారు. ఆ సోమవారం మెల్‌బోర్న్ మనసులో ఎవరిదని అడిగితే నేను ఆయనదే అంటాను.

మధ్యాహ్నం నాన్నను టిఫిన్‌కి తీసికెళ్ళాను. బిల్లు అడుగున 15 శాతం సర్‌చార్జి ఉంది. నాన్న కళ్ళజోడు సర్దుకుని ఆ గీత మీద వేలు పెట్టి, "ఇదేంటమ్మా?" అని కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగారు. కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల. "పబ్లిక్ హాలిడే అంకుల్. ఇయ్యాల మాకు గంటకు ఎక్కువొస్తది" అంది. "ఎంతెక్కువ?" "రెండున్నర రెట్లు." నాన్న మళ్ళీ మాట్లాడలేదు, బిల్లు కట్టేసి బయటికొచ్చాక, "రాజుగారి వల్ల ఆ పిల్ల ఫీజుకి కాస్త ఆసరా అన్నమాట" అన్నారు.

ఆసరా ఇచ్చింది రాజుగారు కాదు, కార్మిక చట్టం. 2009 ఫెయిర్ వర్క్ చట్టం దేశమంతటికీ ఎనిమిది సెలవుల జాబితా ఇస్తుంది, అందులో ఇదొకటి. సెలవు రోజు పనికి రాకుండా ఉండే హక్కు ఉద్యోగిది. రమ్మని యజమాని అడగొచ్చు, హేతుబద్ధమైన కారణం ఉంటే ఉద్యోగి కాదనొచ్చు. అడగకుండానే డ్యూటీ వేసేయడం చెల్లదని 2023లో ఫెడరల్ కోర్టు తేల్చింది. హోటళ్ళలో, దుకాణాల్లో క్యాజువల్‌గా పనిచేసేవాళ్ళకు ఆ రోజు మామూలు రేటుకు రెండున్నర రెట్లు దక్కాలి, క్యాజువల్ కానివాళ్ళకు రెండుంపావు. ఇలా ఇవ్వకుండా చేతిలో రోజువారీ నగదే పెట్టి పంపించేవాళ్ళు ఉన్నారు, చెప్పడానికి బాధగా ఉన్నా మనవాళ్ళలోనూ ఉన్నారు. 2021 జనగణన ప్రకారం ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం 59 వేలకు పైగా ఉన్నాం. కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ లెక్క మనమే చెప్పాలి. కూలి ఫిర్యాదులు చూసే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయడానికి వీసా ఏదన్నది అడ్డు కాదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఇన్నేళ్ళుగా ఈ సెలవును ఎవరూ తీసేయమనకపోవడం చూసి, చూశారా ప్రజలకు రాజంటే ఎంత గౌరవమో అంటారు రాజరికాన్ని మెచ్చేవాళ్ళు. రాజు వద్దంటూ రాజుగారి సెలవు మాత్రం కావాలంటారా అని గణతంత్రవాదులను ఎద్దేవా చేస్తారు. రెండు మాటలూ తప్పే. సెలవు మీద ఇష్టానికీ, సింహాసనం మీద అభిప్రాయానికీ ముడి ఎప్పుడో తెగిపోయింది. 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి పోయినప్పుడు 22వ తేదీని జాతీయ సంతాప దినంగా ప్రకటించి దేశమంతా సెలవిచ్చారు. విక్టోరియాలో మర్నాడు ఫుట్‌బాల్ ఫైనల్ ముందురోజు సెలవు. ఆపైన శని, ఆదివారాలు. మా వీధిలో నాలుగు ఇళ్ళవాళ్ళు టెంట్లు కట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్ళారు. ఎదురింటి పెద్దావిడ మాత్రం ఆ రోజు నల్ల గౌను వేసుకుని టీవీ ముందు ఏడుస్తూ కూచుంది. ఆ సెలవు ఆమెకెంత నిజమో వాళ్ళకూ అంతే నిజం.

రాజు కావాలా వద్దా అని నేరుగా అడిగిన సందర్భం ఒక్కటే, 1999 నవంబరు 6. వద్దన్న ప్రతిపాదన ఓడిపోయింది: అవునన్నవాళ్ళు 45 శాతం, కాదన్నవాళ్ళు దాదాపు 55 శాతం. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటి కూడా అవుననలేదు. దీన్ని రాజరికానికి ప్రజామోదంగా చదవడం సులువు, కానీ ఓటు పత్రంలో అడిగింది అది కాదు. అప్పటి రాణి స్థానంలో పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో ఎన్నుకునే అధ్యక్షుడు వస్తాడు, సమ్మతమా అని అడిగారు. రాజు వద్దనుకున్నవాళ్ళలో చాలామంది, అధ్యక్షుణ్ణి మేమే నేరుగా ఎన్నుకుంటాం, నాయకులు పంచుకునే పదవి మాకొద్దు అని కాదు వైపు నిలబడ్డారు. పెళ్ళికి ఒప్పుకుని సంబంధం నచ్చక లేచి వెళ్ళిపోయినట్టయింది.

పైగా ఇక్కడి రాజ్యాంగం మార్చాలంటే దేశం మొత్తం మీద మెజారిటీతో పాటు ఆరింట నాలుగు రాష్ట్రాల్లోనూ మెజారిటీ రావాలి. ఇప్పటిదాకా అడిగిన 45 ప్రశ్నల్లో నెగ్గినవి 8. ఆదివాసుల గొంతుకు రాజ్యాంగంలో చోటు ఇద్దామన్న 2023 నాటి ప్రశ్న కూడా ఓడింది, అరవై శాతం మంది కాదన్నారు. ఆ దెబ్బతో గణతంత్రం సంగతి అటకెక్కింది. అందుకోసమని 2022లో సృష్టించిన సహాయ మంత్రి పదవిని 2024లో ఎత్తేశారు.

మరి రాజు ఉత్త పేరేనా? అలా అనుకునేవాళ్ళకు 1975 నవంబరు 11 గుర్తు చేయాలి. ఎన్నికైన ప్రధాని గాఫ్ విట్లమ్‌ను రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ జాన్ కెర్ ఆ రోజు పదవి నుంచి తీసేశాడు. ఆ అధికారం రాజ్యాంగంలో ఇప్పటికీ ఉంది. ప్రమాణాల విషయం ఇంకా విచిత్రం. నేను పౌరసత్వం తీసుకున్నప్పుడు రాజు పేరు ఎత్తలేదు. ఆస్ట్రేలియాకు, దాని ప్రజలకు విధేయుడినని మాత్రమే చెప్పాను. 1994లో ప్రమాణం నుంచి రాణి పేరు తీసేశారు. కెనడాలో పౌరసత్వం తీసుకున్న మా బాబాయి కొడుకు మాత్రం చార్లెస్ రాజుకు, ఆయన వారసులకు విధేయుడినని చెయ్యెత్తి చెప్పాడు. న్యూజిలాండ్‌లోనూ అంతే. ఇక్కడ కొత్తగా వచ్చిన మాకు మినహాయింపు ఉంది గానీ, మేము ఓటేసి పంపిన ఎంపీలు పార్లమెంటులో కూచోవాలంటే రాజుకు విధేయత చెప్పితీరాలి, రాజ్యాంగంలో 42వ సెక్షన్ అది.

2024 అక్టోబరులో చార్లెస్ కాన్‌బెర్రా వచ్చి పార్లమెంటు భవనంలో మాట్లాడాక, ఆదివాసీ సెనేటర్ లిడియా థోర్ప్ లేచి "నువ్వు నా రాజువి కావు" అని అరిచారు. మర్యాద తప్పారని చాలామంది నొచ్చుకున్నారు. ఆమె పద్ధతి నచ్చడం, నచ్చకపోవడం పక్కన పెడితే, ఆ మాట వెనకాల ఉన్నది 1788 జూన్ 4. ఆ రోజు ఫిలిప్ ఇచ్చిన సెలవుకు ముందే ఆ నేల మీద వేల తరాలుగా మనుషులు ఉన్నారు. రాజు పేరిటే వాళ్ళ భూమి పోయింది. ఎవరికీ చెందని నేల అన్న వాదన 1992 దాకా చెల్లింది. టోరెస్ జలసంధిలోని మర్ ద్వీపానికి చెందిన ఎడ్డీ మేబో, ఆయన సాటి దీవివాళ్ళు పదేళ్ళు కోర్టులో పోరాడితే, ఆ నేల వాళ్ళదేనని దేశంలో అన్నిటికన్నా పై కోర్టు అయిన హైకోర్టు తీర్పిచ్చింది. తీర్పు వినడానికి మేబో లేరు, నాలుగు నెలల పైచిలుకు ముందే పోయారు. ఆ తీర్పు తేదీ జూన్ 3. ఐదో జార్జి పుట్టినరోజు కూడా జూన్ 3 అని పైన రాశాను. ఈ రెండు తేదీలూ ఒకటేనని తెలిసిన రోజు నేను చాలాసేపు మరో పని చేయలేకపోయాను.

తక్కిన దేశాలు ఈ ముడిని రకరకాలుగా విప్పుకున్నాయి. జపాన్‌లో నవంబరు 3 మేజీ చక్రవర్తి పుట్టినరోజు. యుద్ధంలో ఓడి, 1946లో అదే తేదీన కొత్త రాజ్యాంగాన్ని ప్రకటించాక, 1948లో దానికి సంస్కృతీ దినమని పేరు పెట్టారు. సెలవు ఉంది, చక్రవర్తి పేరు లేదు. కెనడాలో మే నెలలో విక్టోరియా డే. క్యుబెక్ రాష్ట్రం అదే సోమవారాన్ని 2003 నుంచి, 1837లో బ్రిటిషు పాలనపై తిరగబడ్డ దేశభక్తుల రోజుగా జరుపుకుంటోంది. నెదర్లాండ్స్ దారి వేరు, అక్కడ ఏప్రిల్ 27న రాజు పుట్టినరోజుకు ఊరంతా నారింజ రంగు వేసుకుని వీధుల్లో పాత సామాన్లు పరిచి అమ్ముకుంటారు. అక్కడా వాతావరణం పని చేసింది: బియాట్రిక్స్ రాణి జనవరి 31న పుట్టింది, ఆ చలిలో జాతర కుదరదని ఆమె ఏలినంతకాలం తల్లి పుట్టినరోజు ఏప్రిల్ 30నే చేశారు. థాయిలాండ్‌లో రాజు పుట్టినరోజు సెలవు గురించి అభిప్రాయం అడగడమే కష్టం, రాజును కించపరిస్తే ఒక్కో నేరానికి మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు. నేపాల్ 2008లో రాజరికాన్ని రద్దు చేసుకుంది, అయినా రాజ్యాన్ని కూడగట్టిన పృథ్వీనారాయణ్ షా జయంతికి 2023లో మళ్ళీ సెలవు ఇచ్చింది.

రోజుకు పేరు పెట్టడం ఎంత కష్టమో తెలంగాణవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 1948 సెప్టెంబరు 17న నిజాం పాలన ముగిసింది. దాన్ని విమోచనం అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అని ఇప్పటికీ వాదన నడుస్తోంది. కేంద్రం హైదరాబాద్ విమోచన దినమంటే, 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది, ప్రభుత్వం మారాక 2024లో ప్రజాపాలన దినోత్సవం అయింది. రాజు పోయిన రోజుకే ఇన్ని పేర్లుంటే, పోని రాజు పేరిట ఉన్న రోజును ముట్టుకోవడానికి నాయకులు జంకడంలో ఆశ్చర్యం లేదు.

నా మట్టుకు నాకు ఆ సోమవారం కావాలి. కరీంనగర్ పిల్ల రెండున్నర రెట్ల కూలి కావాలి, మావాడి నీలం టోపీ కావాలి. పేరు మాత్రం మారాలి. జూన్‌లో పుట్టని రాజు పేరిట, జూన్‌లో పుట్టి ఎనభై ఏళ్ళకు పైగా కిందట పోయిన ఇంకో రాజు తేదీకి సెలవు తీసుకుంటూ, అదే జూన్‌లో ఈ నేల న్యాయం మాట్లాడిన రోజును పట్టించుకోకపోవడం నాకు సబబుగా తోచదు. మేబో రోజును దేశమంతా సెలవు చేయాలని ఆదివాసులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. రాజును తీసేయడానికి రాజ్యాంగం మార్చాలి, నాలుగు రాష్ట్రాలు ఒప్పుకోవాలి, ఇంకో తరం పట్టొచ్చు. ఈ సెలవును వారం ముందుకు జరిపి పేరు మార్చడానికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. క్వీన్స్‌లాండ్ దాన్ని అక్టోబరుకు జరిపినప్పుడు ఎవరూ ఓటు వేయలేదు, రాష్ట్ర ప్రభుత్వం తేదీ మార్చింది, ఆ ఏడాది క్యాలెండర్లు అలాగే అచ్చయ్యాయి.